సర్ఫరోష్ చూసిన మర్నాడు

ప్రశ్న: హిందీ థ్రిల్లర్లలో హీరోకీ విలన్‌కీ మధ్య పోరు అన్నింటికన్నా బాగా పండిన సినిమా ఏది? ఎందుకు?

సర్ఫరోష్, 1999. మరో పేరు చెప్పేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు. అయినా వాదిస్తాను.

ఎవరిని అడిగినా ముందు డర్ (1993) అంటారు. షారుఖ్ ఖాన్ బాగా చేశాడు, ఒప్పుకుంటాను. కానీ దాన్ని పోరు అని ఎలా అంటాం? సన్నీ డియోల్‌కు అతని మీద కోపం తప్ప ఇంకేమీ లేదు. దొరికితే కొట్టాలి, దొరికాడు, కొట్టాడు. హాల్లో జనం మాత్రం విలన్ పక్షం చేరిపోయారు. పాపం సన్నీ డియోల్ విలన్‌తో పోరాడాడో ప్రేక్షకులతో పోరాడాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నా లెక్కలో అసలైన పోరుకు ఒకటే గుర్తు. విలన్ ఎదురుగా నిలబడినప్పుడు హీరోకు చెయ్యి లేవకూడదు. చేవ లేక కాదు, అంతకుముందు అదే చేత్తో ఆ మనిషికి నమస్కారం పెట్టి ఉండటం వల్ల. ఈ లెక్కకు సరిగ్గా తూగిన సినిమా నాకు తెలిసి ఇదొక్కటే.

చూడని వాళ్ల కోసం రెండు ముక్కలు. ఆమిర్ ఖాన్ ముంబయి పోలీసుల్లో ఏసీపీ, పేరు అజయ్ సింగ్ రాథోడ్. అన్నను ఉగ్రవాదులు చంపారు, తండ్రిని చిత్రహింసలు పెట్టి వదిలారు. ఇలాంటి మనిషికి గజల్ అంటే ప్రాణం, అందులోనూ పాకిస్తాన్ నుంచి వచ్చి కచేరీలు చేసే గుల్ఫామ్ హసన్ అంటే మరీ ప్రాణం. ఆ గుల్ఫామ్‌గా నసీరుద్దీన్ షా. సరిహద్దు అవతలి నుంచి రాజస్థాన్ మీదుగా తుపాకులు తెప్పించి అడవుల్లో ముఠాలకు పంచేది ఈయనే. మనకు ముందే తెలిసిపోతుంది, అజయ్‌కు తెలియదు. అతడు వేదిక ముందు కూర్చుని పరవశించిపోతుంటే మనకు కుర్చీలో కాలు నిలవదు. జాన్ మాథ్యూ మాథన్‌కు దర్శకుడిగా ఇది మొదటి సినిమా అంటే నమ్మబుద్ధి కాదు.

మేకపిల్ల సన్నివేశం ఒకటి ఉంది. గుల్ఫామ్ ఉన్నచోట మేకపిల్ల అరుస్తూ ఉంటుంది. ఆయన వెళ్లి దాన్ని దగ్గరకు తీసుకుంటాడు. ముద్దు చేస్తాడేమో అనుకుంటాం. చెవి కొరికేస్తాడు. అంతసేపూ అంత మెత్తగా పాడిన నోరు అది. విలన్ ఎంత క్రూరుడో చెప్పడానికి మన సినిమాల్లో పది సుమోలు గాల్లోకి లేస్తాయి, ఇరవై మంది కత్తులు పట్టుకుని పరుగెత్తుతారు, ఆయన పేరు చెబితే ఊళ్లో పిల్లలు పాలు తాగరని ఒక ముసలాయన చెబుతాడు. ఇక్కడ ఒక్క మేకపిల్లతో పని అయిపోయింది. నిర్మాతలకు ఖర్చు కూడా తక్కువ. ఎవరూ నేర్చుకోరు.

ఇక నా సంగతి. మాది కాగజ్‌నగర్. అప్పట్లో ఆదిలాబాద్ జిల్లా. మా మేనమామ బల్లార్షాలో ఉండేవాడు, బొగ్గు గనిలో పని. రైల్లో వార్ధా నది వంతెన దాటగానే బల్లార్షా వస్తుంది. ఊరు మహారాష్ట్రలో ఉన్నా స్టేషన్ బయట సగం మాటలు తెలుగులోనే వినిపిస్తాయి. 1999 వేసవిలో నాకు పదిహేడేళ్లు, ఇంటర్ రాసి ఖాళీగా ఉన్నాను. మామయ్య దగ్గరకు వెళ్లాను. ఆ వారమే సర్ఫరోష్ చూడటానికి చంద్రపూర్ తీసుకెళ్లాడు. మా వాళ్లంతా దాన్ని పాత పేరుతో చాందా అనే అంటారు. బల్లార్షా నుంచి 15 కిలోమీటర్లు ఉంటుంది. ఆ ఊరి ఎండ గురించి చెబితే కోతలు కోస్తున్నాననుకుంటారు గానీ దేశంలో ఎండలు మండిపోయే ఊళ్ల జాబితా వేస్తే చాందా పేరు లేకుండా పూర్తి కాదు. హాల్లో నాలుగు కూలర్లుంటే వాటి ముందు వరసల కోసమే తోపులాట.

సినిమా మొదట్లోనే పెళ్లివారి బస్సును అడవిలో ఆపి కాల్చేస్తారు. ఆ అడవి ఎక్కడిది? చంద్రపూర్ అడవి. తెర మీద ఆ పేరు వినబడగానే హాల్లో ఒకరిద్దరు ఈల వేశారు, సొంత ఊరి పేరు వస్తే ఎవరైనా వేస్తారు. కాల్పులు మొదలయ్యాక ఆ ఈలలు ఆగిపోయాయి. అడవి పక్క ఊళ్లలో ఉండేవాళ్లకు రాత్రి బస్సు ఆగడం అంటే ఏమిటో వేరే చెప్పాల్సిన పని లేదు. టార్చిలైటు వేసి ముఖాలు చూసింది పోలీసులా, ఇంకెవరైనానా అన్నది వెళ్లిపోయిన తరువాత గానీ తెలియని రోజులు అవి. ముంబయిలో, హైదరాబాద్‌లో చూసినవాళ్లకు అదొక సన్నివేశం. మేము సినిమా అయ్యాక చివరి బస్సెక్కి బల్లార్షా రావాలి.

అది కార్గిల్ కాలం కూడా. ఇంట్లో రేడియో ఎప్పుడు పెట్టినా అవే వార్తలు. అంతవరకు హిందీ సినిమాల్లో ఎక్కువగా ‘పొరుగుదేశం’ అని నసిగేవారు. ఇందులో పాకిస్తాన్ అని నేరుగా అనేసరికి హాలు ఊగిపోయింది. అంత గోలలోనూ మామయ్య చప్పుడు చేయలేదు. ఇన్‌స్పెక్టర్ సలీమ్ వచ్చి, ఇంకెప్పుడూ ఏ సలీమ్‌తోనూ ఇది నీ ఇల్లు కాదని అనవద్దని అజయ్‌కు తెగేసి చెబుతాడు చూడండి, అప్పుడు మాత్రం చప్పట్లు కొట్టాడు. (ఆ సలీమ్ వేషం వేసింది ముకేశ్ రిషి. మూడేళ్ల తరువాత ఇంద్రలో ఆయన విలన్‌గా దిగితే నాకు ఎంతకూ మింగుడుపడలేదు. అంత నిజాయితీ గల ఇన్‌స్పెక్టర్‌ను తీసుకొచ్చి ఫ్యాక్షన్ కక్షల్లోకి దించారు. ముంబయి నుంచి మంచి నటులను తెచ్చి గడ్డాలు పెట్టి, పెదవులకు అతకని గొంతుతో అరిపించడం మన వాళ్లకు ఎప్పుడు పోతుందో.)

అజయ్‌కు గుల్ఫామ్ అసలు రూపం తెలిసే ఘట్టంలో ఆమిర్ ఖాన్ ముఖం చూడండి. కోపం తరువాత వస్తుంది. ముందు వచ్చేది సిగ్గు, ఇన్నేళ్లు ఎవరికి తల ఊపాను అని. నా దృష్టిలో సినిమా పోరంతా అక్కడే అయిపోయింది. చివర్లో ఇద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకునే భాగం మంచిదే గానీ కాస్త పొడుగైంది. దేశ విభజనప్పుడు ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లిన కుటుంబంలోని కుర్రాడు, వెళ్లినచోట ముహాజిర్ (వలస వచ్చినవాడు) అనిపించుకుంటూ పెరిగిన మనిషి, ఆ మంట ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక ఇటు తిప్పాడు. ఆ సంగతి నసీరుద్దీన్ షా కళ్లలో ముందే కనబడుతుంది, మాటల్లో అంత చెప్పాల్సిన పని లేదు. ఏమైనా ఆయన ప్రాణం హీరో చేతిలో పోదు, తనను తానే కాల్చుకుంటాడు. వేరేలా అయి ఉంటే నేను ఈ జవాబు రాసేవాణ్ని కాదు.

2006లో మన వాళ్లు ఈ కథనే అస్త్రం పేరుతో తీశారు. విష్ణు హీరో, జాకీ ష్రాఫ్ విలన్. నా గొడవ నటులతో కాదు. అసలు ఈ కథను తెలుగులోకి దించాలంటే ముందు గజల్‌ను ఏం చేయాలో తేల్చుకోవాలి. సినారె తెలుగులో గజళ్లు రాశారు, నిజమే. హైదరాబాద్ పాతబస్తీ వాళ్లు కూడా నా మీదకు రావద్దు, మీకు గజల్ ఉందని నాకు తెలుసు. కానీ మామూలు తెలుగువాడు పాట విని కళ్లనీళ్లు పెట్టుకునే చోటు వేరు. నన్ను అడిగి ఉంటే విలన్‌గా పద్యనాటకాల నటుడిని పెట్టమనేవాణ్ని. రాత్రి పన్నెండింటికి హరిశ్చంద్రుడి వేషంలో కాటిసీను పద్యాలు పాడి ఊరంతటినీ ఏడిపించి, తెల్లారేసరికి గ్రీన్‌రూములో తుపాకులు లెక్కపెట్టుకునే మనిషి. హీరో చిన్నప్పుడు ఆయన కోసం చాప పట్టుకుని ముందువరస కాచుకున్నవాడు. నన్ను ఎవరూ అడగలేదు.

సరే, చాందాకు వద్దాం. బస్సులో మామయ్య ఒక్క మాట మాట్లాడలేదు. భయమేమో అనుకున్నాను, నాకైతే భయంగానే ఉంది. ఇంటికి వచ్చాక అన్నం తినకుండా టేప్‌రికార్డరు ముందు కూర్చున్నాడు. ఆయన దగ్గర జగ్జీత్ సింగ్ క్యాసెట్లు పదో పన్నెండో ఉండేవి. వాటన్నింటికన్నా భద్రంగా దాచుకున్న క్యాసెట్ ఇంకొకటి ఉంది. దాని మీద అట్ట లేదు, పేరు లేదు. అందులో ఉన్నది ఆయన గురూజీ గొంతు.

గురూజీ అంటే బల్లార్షాలోనే ఏదో ఆఫీసులో గుమాస్తా. తెలుగువాడే. వినాయక చవితి పందిళ్లలో పాడేవాడు, సాయంత్రాలు ఇంట్లో పది మందికి పాట నేర్పేవాడు. మామయ్య షిఫ్టు దిగి, ఒళ్లంతా అంటుకున్న బొగ్గు కడుక్కుని, నేరుగా అక్కడికి వెళ్లేవాడట. గురూజీ కుడిచేతికి లావుపాటి ఉంగరం ఉండేది. హార్మోనియం వాయిస్తూ శిష్యుడు తాళం తప్పినప్పుడల్లా ఆ ఉంగరంతో చెక్క మీద టక్కున కొట్టేవాడు. క్యాసెట్‌లో పాట కన్నా ఆ టక్కులే ఎక్కువ. మామయ్య అవి లెక్కపెట్టి, ఈ రోజు నాకు పదకొండు పడ్డాయిరా అని మురిసిపోయేవాడు.

ఆ గురూజీయే చిట్టీ కూడా నడిపాడు. ఇరవై మంది, నెలకు 500, ఇరవై నెలలు. మామయ్య 14 నెలలు కట్టాడు, అంటే 7,000. ఆ తరువాత చిట్టీ ఆగిపోయింది. గట్టిగా నోరున్న ఇద్దరు ముగ్గురు వీధిలో నిలబడి కేకలు వేసి ఎంతో కొంత రాబట్టుకున్నారు. మామయ్య కేకలు వేయలేదు సరికదా అటువైపు వెళ్లడమే మానేశాడు. డబ్బు ఎగ్గొట్టినవాడు తప్పించుకు తిరగాలి గానీ, ఇక్కడ డబ్బు పోయినవాడు సందులు మారి తిరిగాడు. ఇదంతా నాకు ఆ రాత్రి అత్తయ్య చెప్పింది. మామయ్య వింటూనే ఉన్నాడు, కాదనలేదు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే చొక్కా తొడుక్కుని, “పద, గురూజీ ఇంటికి వెళ్లొద్దాం” అన్నాడు. నాకు సంగతి అర్థమైంది. ఏసీపీ రాథోడ్ బయల్దేరాడు. అత్తయ్య గుమ్మం దాకా వచ్చి, “అడిగేది గట్టిగా అడగండి” అని మరీ పంపింది.

రైలు పట్టాల పక్కన రెండు గదుల రేకుల ఇల్లు. కిటికీకి వట్టివేళ్ల తడక కట్టి నీళ్లు చల్లారు, గదంతా ఆ తడి వాసన. బనీనుతో చాప మీద కూర్చున్న గురూజీ మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు. తడబడతాడేమో, సాకులు చెబుతాడేమో అని నేను కాచుకుని ఉన్నాను. అలాంటిదేమీ లేదు. “రావయ్యా, ఎన్నాళ్లకు! ఈ అబ్బాయి ఎవరు, మేనల్లుడా? పోలిక ఉంది” అన్నాడు. ఆయన భార్య స్టీలు గ్లాసుల్లో టీ తెచ్చి పెట్టింది. ఆమె మాత్రం మామయ్య ముఖంలోకి చూడలేదు, గ్లాసు కింద పెట్టి వెంటనే లోపలికి వెళ్లిపోయింది.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. ఇక మొదలనుకున్నాను.

“నిన్న సర్ఫరోష్ చూశాం గురూజీ” అన్నాడు. “అందులో జగ్జీత్ పాడిన గజల్ ఒకటి ఉంది.”

“విన్నాను. ఏదీ, పాడు.”

మామయ్య పాడాడు. నేను నిర్ఘాంతపోయాను. ఏడు వేల రూపాయల కోసం వచ్చిన మనిషి కళ్లు మూసుకుని గజల్ పాడుతున్నాడు. (ఆ గజల్ రాసింది నిదా ఫాజ్లీ. తల్లిదండ్రులు పాకిస్తాన్ వెళ్లిపోయినా తాను ఇక్కడే ఉండిపోయిన కవి. అక్కడి నుంచి వచ్చి ఇక్కడ నిప్పు పెట్టే మనిషి పాత్రకు పాట రాసింది ఆయన. ఈ సంగతి చాలా ఏళ్ల తరువాత చదివాను. చదివాక ఆ పాట మునుపటిలా వినలేకపోతున్నాను.) రెండో పాదంలో మామయ్య ఎక్కడో అక్షరాన్ని ఎక్కువ సాగదీశాడు. గురూజీ చెయ్యెత్తి ఆపాడు. హార్మోనియం మీద గుడ్డ తీసి, ముందుకు లాక్కుని, తిత్తి ఊదుతూ శ్రుతి పట్టుకున్నాడు. “అక్కడ ఆగకు. అడుగుతున్నట్టు ఉండాలి, బతిమాలుతున్నట్టు కాదు” అన్నాడు. మళ్లీ పాడించాడు. మళ్లీ ఆపాడు. నాలుగోసారికి మామయ్యకు కుదిరింది. గురూజీ తల ఊపాడు. మామయ్య ముఖం వెలిగిపోవడం నేను కళ్లారా చూశాను, ఆ క్షణంలో ఇద్దరి మీదా నాకు ఒళ్లు మండిపోయింది.

ఉండబట్టలేక, “మామయ్య చిట్టీ డబ్బు...” అని మొదలుపెట్టాను. మామయ్య చెయ్యి నా తొడ మీద పడింది. గట్టిగా నొక్కాడు. గురూజీ హార్మోనియం మూస్తూ, మా వైపు చూడకుండా, “వచ్చే నెల చూద్దాం” అన్నాడు.

“అదేమిటి గురూజీ, నేను అందుకు రాలేదు” అన్నాడు మామయ్య.

ఇలాంటి సన్నివేశాన్ని ఏ హిందీ సినిమాలో తీశారో చెప్పండి, నా జవాబు మార్చుకుంటాను. ఒకడు అడగలేడు, ఇంకొకడు ఇవ్వలేడు, ఇద్దరికీ మధ్య ఒక పాట. మొన్నీమధ్య వస్తున్న థ్రిల్లర్లలో విలన్‌కు చిన్నప్పుడు ఎవరో అన్యాయం చేసినట్టు రెండు నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ పెట్టి, చివరి అరగంట ఇద్దరికీ చొక్కాలు విప్పించి వర్షంలో కొట్టిస్తున్నారు. ఇంట్లో ఫోనులో చూస్తూ అవి ముందుకు జరిపేస్తున్నాను, ఏమీ పోయినట్టు అనిపించదు. సర్ఫరోష్‌కు ఆ ఏడాది జనాదరణ పొందిన ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. ఫైట్లు చూసి ఇచ్చి ఉంటారని నేను అనుకోను.

తిరిగి వచ్చేటప్పుడు మామయ్యతో పోట్లాడాను. సిగ్గు లేదా అన్నాను, పదిహేడేళ్ల నోరు. ఆయన పట్టించుకోలేదు. ఫాటకం పడి ఉంది, గూడ్సు బండి ఒకటి వెళుతోంది. అది పూర్తిగా వెళ్లేదాకా పెట్టెలు లెక్కపెడుతున్నట్టు చూస్తూ నిలబడ్డాడు. ఆ తరువాత అన్నాడు:

“ఇందాక మూడుసార్లు తప్పు పాడాను. ఒక్కసారైనా టక్కుమన్న చప్పుడు విన్నావా?”

నేను ఆయన వేళ్లు చూడలేదు. మామయ్య చూశాడు. ఉంగరం లేదట. వేలి మీద తెల్లటి గుర్తు మాత్రం ఉందట.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఉంది. మా ముఖాలు చూసి ఏమీ అడగకుండా లోపలికి వెళ్లి, వంటింట్లోంచే అంది: “డబ్బు తెమ్మని పంపితే పాట నేర్చుకుని వచ్చారా?”

మామయ్య చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. “రెండో పాదం ఇప్పుడు సరిగ్గా వచ్చింది” అన్నాడు. “వింటావా?”